ఆ రిపోర్టులోంచి నేను తీసేసిన పేజీ

గనుల కంపెనీలకు, లోహాల ఫ్యాక్టరీలకు సలహాలు చెప్పే వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నూజివీడులో ఇంజనీరింగ్ చదివే పిల్లలు పోయిన నెల నన్ను పిలిచారు. గంటసేపు మాట్లాడాను. ఎక్కడ మాట్లాడినా చెప్పే మాంగనీసు గని కథ అక్కడా చెప్పాను. మా ఫీల్డ్ మనిషి ఒకాయన శాంపిల్స్ సరిగ్గా తీయకపోవడం వల్ల మా మొదటి పెద్ద రిపోర్టు తప్పయింది, ఆ దెబ్బతో మేం పని నేర్చుకున్నాం, ఇదీ ఆ కథ. పిల్లలు శ్రద్ధగా విన్నారు. చివర్లో వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, ఆ శాంపిల్స్ తీసినాయన తర్వాత ఏమయ్యారండీ?"

"రిటైరయ్యారమ్మా," అన్నాను.

పదిహేడేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను. ఫ్యాక్టరీ ఏమైందని అడిగినవాళ్ళున్నారు, మా కంపెనీ ఎలా నిలబడిందని అడిగినవాళ్ళున్నారు. ఆయన ఏమయ్యాడని అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం ఏదో ఒకటి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నాకిప్పుడు యాభై ఆరు. గుండెకి స్టెంటు వేశాక, మూడేళ్ళ క్రితం, కంపెనీని నాతో పనిచేసిన పిల్లలకే అప్పజెప్పి నూజివీడు దగ్గర మా ఊరొచ్చేశాను. ప్రమోషన్లు, సన్మానాలు ఇందులో రాయను. పని ఎలా ఉంటుందో రాస్తాను. ఆ మాంగనీసు గని కథ కూడా ఈసారి జరిగింది జరిగినట్టు రాస్తాను.

పూత మీద తోట పట్టడం

మా నాన్న మామిడి తోటలు పట్టేవాడు. మా వైపు సంక్రాంతి దాటి చెట్లు పూతకొచ్చేసరికి కొనేవాళ్ళు తోటల్లో దిగుతారు. కాయ ఇంకా పుట్టదు. పూత చూసి, ఈ తోట ఈ ఏడు ఎన్ని టన్నులు కాస్తుందో అంచనా వేసుకుని, ఆ ఏటి కాపు మొత్తం బేరమాడేసుకుంటారు. ఆ తర్వాత మంచు కురిసినా, తేనెమంచు పురుగు పట్టినా, గాలివాన వచ్చినా నష్టం పట్టినవాడిదే.

చిన్నప్పుడు నాన్న వెంట ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటలన్నీ తిరిగాను. ఆయన రోడ్డు పక్క చెట్లను చూసేవాడే కాదు. నేరుగా లోపలి వరసల్లోకి వెళ్ళి, చెట్టు కింద వంగి, కొమ్మల లోపల్నుంచి పైకి చూసేవాడు.

"బయట్నుంచి చూస్తే ఏ చెట్టయినా పెళ్ళికూతురే రా," అనేవాడు. "లోపలకి పోయి చూడు, సంసారం తెలుస్తుంది."

పదో తరగతికి వచ్చేసరికి నేను కూడా చెప్పేవాణ్ణి, ఈ చెట్టు ఇంత, ఆ చెట్టు అంత అని. చాలాసార్లు దగ్గరగా వచ్చేది. నాన్న తోటివాళ్ళతో "మావాడి కన్ను చూశారా" అని మురిసిపోయేవాడు. ఆ మాట నా మనసులో గట్టిగా నాటుకుంది. తర్వాత మైనింగ్ చదివినా, ఎనిమిదేళ్ళు ఇనుప గనుల్లో పనిచేసినా, నాకు పుట్టుకతో వచ్చిన కన్ను ఒకటుందనే నమ్మాను. ఈ వృత్తిలో నన్ను పైకి తెచ్చింది ఆ నమ్మకమే. నన్ను పాడు చేసిందీ అదే.

టైర్ల షాపు మీద ఆఫీసు

ఇనుప గనుల్లో నా మొదటి బాస్ ఒక బెంగాలీ ఆయన. చేరిన రోజున టేబుల్ చూపిస్తాడనుకున్నాను. "వారం రోజులు ఆఫీసుకి రావద్దు. కాటా దగ్గర కూర్చో," అన్నాడు. లారీలు తూచే కాటా దగ్గర కూర్చుంటే గని మొత్తం తెలుస్తుందని ఆయన సిద్ధాంతం. ఎంత ఖనిజం బయటికి పోతోంది, ఎవరు ఎవరికి భయపడుతున్నారు, ఏ యంత్రం నిన్న ఆగింది, అన్నీ కాటా గుమాస్తాకి తెలుసు, మేనేజరుకి తెలియదు. నాకు దొరికిన బాసుల్లో అంత మంచి మాట చెప్పినవాడు ఇంకొకడు లేడు.

ముప్ఫై దాటాక ఉద్యోగం మానేసి సొంతంగా మొదలుపెట్టాను. విజిటింగ్ కార్డు మీద విజయవాడ అని వేయించుకున్నాను కానీ ఆఫీసు హనుమాన్ జంక్షన్లో, మా మేనమామ గారి టైర్ల షాపు మీద గది. అద్దె లేదు, పైగా ఏ ఊరికైనా అక్కణ్ణించి బస్సు ఉంటుంది. కింద లారీ టైర్లు విప్పే చప్పుడు, గాలి కొట్టే చప్పుడు. ఫోనులో క్లయింట్లు "ఏదో ఫ్యాక్టరీలో ఉన్నట్టున్నారే" అంటే "అవునండీ, సైట్లో ఉన్నాను" అనేవాణ్ణి.

సలహాల వ్యాపారం మొదలుపెట్టాలంటే ఏం కావాలని పిల్లలు అడుగుతారు. పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు. మిమ్మల్ని నమ్మి మొదటి పని ఇచ్చేవాడు ఒకడు కావాలి. మీరు నమ్మదగిన ఫీల్డ్ మనిషి ఒకడు కావాలి. మొదటిది నాకు రెండేళ్ళకు గానీ దొరకలేదు. రెండోది మొదటి నెలలోనే దొరికింది.

ఏసుపాదం గారు

ఆయన ముప్ఫై ఏళ్ళు రాళ్ళు కొట్టి, బోర్లు వేయించి, శాంపిల్స్ తీసి రిటైరైన మనిషి. చదివింది ఏడో తరగతి. భార్య మరియమ్మ గారిది ఆగిరిపల్లి కావడంతో అక్కడే ఇల్లు కట్టుకున్నారు. చర్చి సభల్లో మా నాన్నకి ఆయన పరిచయం. నేను కంపెనీ పెట్టానని విని, ఒకరోజు టైర్ల షాపు మెట్లెక్కి వచ్చి, కుర్చీలో కూర్చుని, గదంతా ఒకసారి చూశారు.

"ఏం చేస్తావిక్కడ?"

"గనుల వాళ్ళకి సలహాలు చెబుతానండీ, బాబాయ్ గారూ."

"వాళ్ళకి గనులున్నాయి. నీకేముంది?"

"చదువుందండీ."

"మరి రాయి తెచ్చేదెవరు?"

మర్నాటినుంచి పనిలోకి వచ్చారు.

శాంపిల్ తీయడమంటే కనపడిన రాయి ఏరుకొచ్చి సంచిలో వేయడం కాదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గోడ పై నుంచి కింది దాకా ఒకే వెడల్పు, ఒకే లోతు గాడి కొట్టాలి. మంచి రాయి దగ్గర చెయ్యి చురుగ్గా, చెత్త రాయి దగ్గర బద్ధకంగా ఆడకూడదు. "కళ్ళు మూసుకుని కొట్టినట్టు కొట్టాలిరా," అనేవారు. "కళ్ళు తెరిస్తే చెయ్యి మంచి రాయి వైపే పోద్ది."

ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ మనసు తేలికవుతుంది. కారు లేదు. రాళ్ళ సంచులు ఆర్టీసీ బస్సులోనే. ఒకసారి కండక్టరు పట్టుకున్నాడు.

"ఏంటి సార్ ఈ సంచులు? బియ్యమా?"

"రాళ్ళయ్యా," అన్నాను.

"రాళ్ళా! రాళ్ళు మోసుకెళ్ళడానికి బస్సెక్కారా? మా రోడ్డు మీద బోలెడున్నాయి కదండీ, ఏరుకోకపోయారా?"

ఏసుపాదం గారు కిటికీ వైపు చూస్తూనే జవాబిచ్చారు. "మీ రోడ్డు కూడా టెస్టు చేయించాం నాయనా. తారు తప్ప అన్నీ ఉన్నాయందులో."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, లగేజీ టికెట్టు మాత్రం కొట్టాడు. వేసవిలో అయితే తిరుగు ప్రయాణంలో ఖాళీ అయిన సంచుల్లో చిన్న రసాలు వేసుకొచ్చేవాళ్ళం. ఆఫీసులో మేమిద్దరం, కింద షాపు వాళ్ళు, ఆ పూటకి పంక్చరు వేయించుకోవడానికి ఆగిన డ్రైవర్లు, అందరం మెట్ల మీద కూర్చుని తినేవాళ్ళం. ఆ తర్వాత హైదరాబాదులో అద్దాల ఆఫీసు కట్టాను. అందులో ఒక్క పూట కూడా అంత బాగా గడవలేదు.

క్లయింటు అసలు ఏమడుగుతాడు

మొదట్లో చిన్న పనులే. కడప వైపు ముగ్గురాయి మిల్లు ఓనరు ఒకాయన, ఇంకో యంత్రం కొంటే ఉత్పత్తి పెరుగుతుందా చెప్పమన్నాడు. బెంగాలీ బాస్ చెప్పినట్టే మూడు రోజులు కాటా దగ్గర కూర్చున్నాం. రాయి లారీలు సగం పూట బయటే నిలబడుతున్నాయి. ఎందుకంటే కాటా గుమాస్తా గది తాళం జేబులో వేసుకుని భోజనానికి పక్క ఊరు పోతున్నాడు.

"గుమాస్తా గారు భోంచేస్తే మీ మిల్లు కూడా భోంచేస్తోందండీ," అన్నారు ఏసుపాదం గారు ఓనరుతో.

"ఇది చెప్పడానికా మిమ్మల్ని అంత దూరం నుంచి పిలిచింది?" అని ఓనరు మండిపడ్డాడు. తర్వాత మారు తాళం చేయించాడు. యంత్రం కొనలేదు.

పిల్లలు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, క్లయింటు ప్రశ్న అడిగే ముందే జవాబు అనుకుని వస్తాడు. దానికి మన సంతకం కావాలి, అంతే. మిల్లు ఓనరు లాంటివాడికి "కాదు" అని చెప్పడం తేలిక, పని చిన్నది, పోతే పోతుంది. పెద్ద పని వచ్చినప్పుడు తెలుస్తుంది మన సంగతి.

నీళ్ళు నిండిన గుంత

విజయనగరం వైపు ఒక ఫ్యాక్టరీ ఉండేది. మాంగనీసు ఖనిజాన్ని కొలిమిలో కరిగించి, ఉక్కు తయారీలో కలిపే లోహం చేస్తారు. అప్పటికి రెండు కొలుములు. పక్కనే ఒక పాత మాంగనీసు గని అమ్మకానికొచ్చింది. అది కొని, మూడో కొలిమి కట్టాలని ఆ ఫ్యాక్టరీ ఛైర్మన్ ఆలోచన. గనిలో మూడు కొలుములకు చాలినంత ఖనిజం పదేళ్ళపాటు వస్తుందా రాదా అన్నది మేం చెప్పాలి. మా మొదటి పెద్ద పని.

ఇద్దరం వెళ్ళాం. పెద్ద గుంత. సగం వరకు నీళ్ళు. నీళ్ళ పైన గోడ మీద నల్లటి ఖనిజం పట్టీ, మనిషెత్తున, ఎండకి మెరుస్తూ, అలాగే కిందికి నీళ్ళలోకి దిగిపోతోంది. దాన్ని చూడగానే నాకు నిండుగా పూసిన తోట చూసినట్టనిపించింది. ఇంత ఉందంటే కింద ఇంకెంత ఉండాలి అనుకున్నాను.

ఏసుపాదం గారు గోడ మీద గాళ్ళు కొట్టి శాంపిల్స్ తీశారు. అవన్నీ మేలైన ఖనిజమే. కానీ మూడో రోజు ఆయన గుంత వదిలేసి, బయట పోసిన చెత్త రాయి గుట్ట చుట్టూ అడుగులు కొలుస్తూ తిరిగారు.

"ప్రభాకరం, ఇలా రా. ఈ గుట్ట చూడు. ఆ గుంత చూడు."

"చూశానండీ."

"గుంత ఇంతే ఉంది. గుట్ట అంతుంది. మిగతా రాయి ఎక్కణ్ణించి వచ్చింది?"

నీళ్ళ కింద ఎప్పుడో, ఎవరో సొరంగాలు కొట్టి ఖనిజం తీసుకుపోయి ఉంటారని ఆయన అనుమానం. నీళ్ళన్నీ తోడించి, దిగి చూసి, బోర్లు వేయించాక తప్ప కింద ఖనిజం ఉందని చెప్పకూడదన్నారు. ఆ రాత్రే లాడ్జిలో కూర్చుని ఒక పేజీ నిండా తెలుగులో రాసిచ్చారు. గుట్ట కొలతలు, గుంత కొలతలు, తవ్వకాలు ఏ వైపు వెళ్ళి ఉండొచ్చో, అన్నీ. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి దాన్ని మార్చి కలపడం నా పని.

నీళ్ళు తోడాలంటే నెల పైనే పడుతుంది. గనికి ఇంకో కొనుగోలుదారు కూడా ఉన్నాడని ఛైర్మన్ గారికి ఎవరో చెప్పారు. ఆయన వెంటనే నాకు ఫోను చేశారు.

"ప్రభాకర్ గారూ, నాకు 'కావచ్చు'లు, 'చూడాలి'లు వద్దండీ. మీరు గనుల్లో పుట్టి పెరిగినట్టు చెప్తారు కదా. ఖనిజం ఉందా, లేదా?"

"ఉందండీ," అన్నాను.

ఫోను పెట్టేశాక ఆ పేజీ ఇంకోసారి చదివాను. బాగా అర్థమైంది. తీసి పక్కన పెట్టాను.

ఎందుకు చేశానో చాలాసార్లు ఆలోచించాను. పని పోతుందన్న భయం ఉంది, అబద్ధమెందుకు. కానీ అంతకంటే పెద్దది నా కన్ను మీద నమ్మకం. తోట పట్టేవాడి ధైర్యం చేశాను. కానీ నాన్న తప్పు అంచనా వేస్తే నాన్నే నష్టపోయేవాడు, మేం ఆ ఏడు కొత్త బట్టలు లేకుండా గడిపేవాళ్ళం. ఇక్కడ అంచనా నాది, నష్టం ఇంకొకడిది. పైగా ఈ ఏడు కాయని చెట్టు వచ్చే ఏడు కాస్తుంది. తీసేసిన ఖనిజం ఏ ఏటికీ మళ్ళీ రాదు. ఇవి తెలియని విషయాలేం కావు. మామిడి వాళ్ళ ఇంట్లో పుట్టి, రోడ్డు పక్క చెట్టు చూసి తోట పట్టాను.

రిపోర్టు అచ్చయి వచ్చాక ఏసుపాదం గారు చేతిలోకి తీసుకుని బరువు చూశారు.

"నా పేజీ ఏదయ్యా?"

"ఇంగ్లీషులోకి మార్చి మధ్యలో కలిపేశానండీ."

"అట్లాగా," అని, తెలియని అక్షరాల మీద ఒకసారి చెయ్యి వేసి, తిరిగి ఇచ్చేశారు.

ఆ గదిలో నేనన్న మాట

గని కొన్నారు. మూడో కొలిమి కట్టారు. రెండేళ్ళు తిరక్కుండా నీళ్ళ పై ఖనిజం అయిపోయింది. నీళ్ళు తోడించారు. నన్ను పిలిచి దింపి చూపించారు. కింద ఏమీ లేదు. కొత్త కొలిమి ఆగిపోయింది. దాని మీద పనిచేసేవాళ్ళందరినీ ఇళ్ళకు పంపేశారు.

వారం తర్వాత ఛైర్మన్ గారు మా ఇద్దర్నీ రమ్మన్నారు. పెద్ద బల్ల, దాని మీద మా రిపోర్టు. ఆయన కోపంగా కూడా లేరు. అలిసిపోయి ఉన్నారు.

"నీళ్ళ కింద ఖాళీగా ఉండొచ్చని మీకు అనుమానమే రాలేదాండీ?"

నేను నోరు తెరిచే లోపే ఏసుపాదం గారు అన్నారు, "వచ్చిందండీ. రాశాం. అందులో ఉంది."

ఛైర్మన్ గారు రిపోర్టు ఆయన వైపు జరిపారు. "ఎక్కడుందో చూపించండి."

ఏసుపాదం గారు దాన్ని ముట్టుకోలేదు. నా వైపు చూశారు. నేను చూపిస్తానని ఎదురుచూస్తున్నారు. అప్పటికి కూడా ఆయనకి అనుమానం లేదు.

నేనన్న మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఫీల్డ్ నుంచి మాకు అలాంటి నోట్ ఏదీ రాలేదండీ. శాంప్లింగులో లోపం జరిగింది. దానికి చింతిస్తున్నాం."

ఆయన తల దించుకోలేదు. నా మీద అరవలేదు. కాసేపు నన్నే చూసి, బల్ల మీదికి చూపు తిప్పుకున్నారు. ఛైర్మన్ గారు ఆయనతో, "ఇంత వయసొచ్చింది, ఇంతమంది పొట్ట కొట్టారు కదండీ," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో వేరే సీటులో కూర్చున్నారు. మర్నాడు ఉదయం టైర్ల షాపు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. ఎప్పుడూ నన్ను నువ్వు అనే మనిషి, మొదటిసారి మీరు అన్నారు.

"రేపట్నించి రానండి. కారణం మీరే ఏదన్నా రాసుకోండి. మీకు రాయడం బాగా వచ్చుగా."

దాని తర్వాత

రెండో తప్పు మొదటిదానికంటే తేలిగ్గా జరిగిపోతుంది. ఇది ఏ పుస్తకంలోనూ చెప్పరు. ఆయన పని కోసం ఇంకో గని వాళ్ళ దగ్గరికి వెళ్ళినట్టున్నారు. వాళ్ళు నాకు ఫోను చేసి, "మీ దగ్గర చేశాడట కదా, మనిషెలాంటివాడు?" అని అడిగారు. "వయసైపోయిందండీ," అన్నాను. అంతే. ఇంకెవరూ పిలవలేదు. ముప్ఫై ఏళ్ళు తన శాంపిల్ మీద బతికిన మనిషి, ఆ తర్వాత మామిడి కాయలు ప్యాకింగు చేసే షెడ్డులో పెద్దవి, చిన్నవి వేరు చేసే పనికి కుదిరారని మా అమ్మ చెబితే విన్నాను.

నేను మాత్రం ఎదిగాను. నిజంగానే జాగ్రత్త నేర్చుకున్నాను. చూడని చోటు గురించి చెప్పకూడదని మా కంపెనీలో కట్టుబాటు పెట్టాను. ఫీల్డ్ మనిషి రాసిన కాగితం, ఏ భాషలో ఉన్నా, ఉన్నది ఉన్నట్టు రిపోర్టు వెనక కలపాలన్నాను. కొత్తగా చేరిన పిల్లలు ఈ కట్టుబాటు ఎందుకొచ్చిందని అడిగితే ఆ కథ చెప్పేవాణ్ణి, ఆయన తప్పుగా. చెప్పగా చెప్పగా నేనే నమ్మడం మొదలుపెట్టాను. ఆయన నుంచి నేర్చుకున్న పద్ధతితో పేరు తెచ్చుకుని, ఆ పద్ధతికి కారణంగా ఆయన్ని నిందిస్తూ వచ్చాను.

ఆగిరిపల్లిలో

ఆ అమ్మాయి అడిగిన తర్వాత వచ్చిన ఆదివారం, చర్చి అయ్యాక, ఆయన ఇంటికి వెళ్ళాను. బండి మీద అరగంట. ఊరొచ్చి మూడేళ్ళయినా ఆ అరగంట ప్రయాణం చేయలేదు.

వరండాలో ఆవకాయ పని నడుస్తోంది. మరియమ్మ గారు కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొడుతున్నారు. ఏసుపాదం గారు ముక్కల్లోంచి జీడి తీసేసి, ఒక్కొక్కటీ గుడ్డతో తుడుస్తున్నారు. మనిషి సగమయ్యారు. చూపు మాత్రం అదే.

"రండి, కూర్చోండి," అన్నారు.

మరియమ్మ గారు నన్ను పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. "ఓ, ఆఫీసు బాబు గారా! మంచినీళ్ళు తాగుతారా?"

వద్దన్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయాను. "బాబాయ్ గారూ, ఆ రోజు ఆ గదిలో నేను అబద్ధం చెప్పాను," అన్నాను.

"తెలుసండీ." ముక్క తుడుస్తూనే ఉన్నారు. "నేనూ ఆ గదిలోనే ఉన్నాగా. నాకు చెప్తే ఏం లాభం? తెలియనోళ్ళకి చెప్పండి."

కత్తిపీట ఆగింది. "ఏంటండీ ఆ మాట? ఏం అబద్ధం?" అన్నారు మరియమ్మ గారు.

ఆమెకి తెలియదని నాకు అప్పుడే తెలిసింది. చెప్పాను. పేజీ సంగతి, ఫోను సంగతి, బల్ల దగ్గర అన్న మాట.

"అంటే ఈయన రాశాడా? నీళ్ళు తోడి చూడమని?"

"రాశారమ్మా. పేజీ నిండా రాశారు. నేను తీసేశాను."

మరియమ్మ గారు భర్త వైపు తిరిగారు. "మరి నాతో ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్పాను. నువ్వు నమ్మలా. అంత చదువుకున్న ఇంజనీరు గారు రాశాక, ఏడో తరగతోడివి, నీ మాటేంటన్నావు."

"అన్నాను," అన్నారామె. నా వైపు తిరిగి, "కొలిమి మీద పనిచేసేవాళ్ళ ఉసురు పోసుకున్నావని ఈయన్ని దెప్పని పండగ లేదు బాబూ. చర్చిలో సంఘ పెద్దగా ఉండమంటే, ఏ మొహంతో ఉంటావని నేనే మాన్పించాను. ఆ మాటలన్నీ ఇప్పుడు ఎవరు వెనక్కి తీసుకుంటారు? మీరు తీసుకుంటారా?"

ఆమె ముక్కల బేసిను ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయారు.

లేచి వెళ్ళిపోవాలో కూర్చోవాలో తెలియక నేను చూస్తూ ఉంటే, ఆయన గుడ్డ పక్కన పెట్టి ముందుకి వంగారు.

"ఒకటడుగుతాను. నీళ్ళు తోడాక నువ్వు దిగావా?"

"దిగానండీ."

"ఎలా ఉంది?"

పదిహేడేళ్ళలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. నన్ను దింపి చూపించారు. ఆయన్ని దింపలేదు. గుట్ట చుట్టూ అడుగులు కొలిచి పట్టుకున్న సంగతి నిజమో కాదో, చివరికి కింద ఏముందో, ఆయన కళ్ళారా చూడనే లేదు.

చెప్పాను. నీళ్ళ మట్టానికి బాగా కింద రెండు సొరంగాలు. మనిషి నిలబడి నడిచేంత ఎత్తు. కప్పు కూలకుండా పెట్టిన కర్ర గుంజలు నీళ్ళలో నాని నల్లబడి, ఇంకా నిలబడే ఉన్నాయి. మధ్య మధ్య కప్పుకి ఆసరాగా వదిలేసిన ఖనిజపు స్తంభాలు తప్ప ఖనిజమంతా తీసేశారు. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. గుంజ మందం ఎంత అన్నారు, చెప్పాను. సొరంగాల మధ్య ఎడం ఎంత అన్నారు, చెప్పాను.

"గుట్ట మీద రాయి అక్కడిదేనన్న మాట."

"అక్కడిదేనండీ. మీ లెక్క సరిపోయింది."

"పడమరకేగా పోయాయి?"

"తూర్పుకండీ."

కళ్ళు తెరిచారు. "పడమరకి కాదూ?"

"పడమర గోడ ముట్టుకోనే లేదండీ. ఖనిజం అటు లేదు."

కాసేపు వేలితో నేల మీద ఏదో గీశారు. "గుట్ట పడమర పోశారు కదా, అటే తవ్వుంటారనుకున్నా. పేజీలో కూడా పడమరనే రాశాను."

"అదేమంత విషయం కాదండీ, బాబాయ్ గారూ..."

"కాదేంటి? బోర్లు పడమర వేయించేవాళ్ళం. ఖాళీ దొరికేది కాదు. నా మాట తప్పనేవాళ్ళు." నన్ను సూటిగా చూశారు. "ఇదంతా ఎక్కడన్నా రాస్తావా?"

"రాస్తానండీ."

"అయితే ఇది కూడా రాయి. నేను పడమరన్నాను, తూర్పని తేలింది. నా తప్పు నాకుండనీ."

ఛైర్మన్ గారికి ఉత్తరం రాశాను. ఆ రోజు ఫోను చేసి అడిగిన గని వాళ్ళకీ రాశాను. నూజివీడు పిల్లల్ని ఇంకో గంట అడిగి తీసుకుని, ఆ అమ్మాయి ఎదురుగా మళ్ళీ మొదటినుంచి చెప్పాను. ఇక మిగిలింది ఆయన రాయమన్నది.

ఏసుపాదం గారు రాసిన పేజీలో ఒక తప్పుంది. పాత తవ్వకాలు పడమర వైపు వెళ్ళి ఉండొచ్చని ఆయన రాశారు. అవి తూర్పు వైపు వెళ్ళాయి. మిగతా పేజీ అంతా సరైనది. దాన్ని చదివి, అర్థం చేసుకుని, తీసేసినవాణ్ణి నేను.